ముప్పై తొమ్మిదేళ్లకు స్వర్ణం, మళ్లీ రాని ఒలింపిక్స్: మహిళా కరాటే కెరీర్ లెక్కలు

సంక్షిప్తంగా: స్పెయిన్ కరాటే క్రీడాకారిణి సాండ్రా సాంచెజ్ 33 ఏళ్లకు తొలి యూరప్ టైటిల్, 37 ఏళ్లకు తొలి ప్రపంచ టైటిల్, 39 ఏళ్లకు ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది ఆట నుంచి తప్పుకుంది. ఇంత ఆలస్యంగా శిఖరానికి చేరడం కటా (ఒంటరి ప్రదర్శన) విభాగంలో సాధ్యమైంది గానీ, కుమితేలో (ఇద్దరి పోరులో) లెక్క వేరు. దేశానికి ఒక్క చోటు, కలిపేసిన బరువు విభాగాలు, మార్కులు వేసే పద్ధతి, ఒక్కసారి వచ్చి వెళ్లిపోయిన ఒలింపిక్స్... కరాటే క్రీడాకారిణి కెరీర్ ఎటు పోవాలో చాలావరకు ఇవే తేలుస్తాయి.

0.18 ఎక్కడి నుంచి వచ్చింది?

2021 ఆగస్టు 5న టోక్యోలోని నిప్పాన్ బుడోకాన్‌లో మహిళల కటా ఫైనల్ జరిగింది. సాంచెజ్‌కు 28.06, జపాన్‌కు చెందిన కియో షిమిజుకు 27.88 వచ్చాయి. కరాటే పుట్టిన దేశంలో, సొంత వేదిక మీద, మహిళల కటా తొలి ఒలింపిక్ స్వర్ణం 0.18 తేడాతో జపాన్ చేజారింది. సాంచెజ్ ఆ రోజు ప్రదర్శించిన కటా పేరు చాతన్‌యారా కుషాంకు.

ఆ అంకె వెనక లెక్క చూస్తేనే తేడా ఎంత సన్ననిదో అర్థమవుతుంది. టోక్యో నాటి నిబంధనల్లో ఏడుగురు జడ్జీలు ఉంటారు. ప్రతి జడ్జీ రెండు మార్కులు వేస్తాడు. ఒకటి సాంకేతిక నైపుణ్యానికి, అంటే నిలబడే భంగిమ, కదలిక, ఊపిరి, దృష్టి వంటివాటికి. రెండోది అథ్లెటిక్ సామర్థ్యానికి, అంటే బలం, వేగం, సమతూకానికి. మార్కు 5 నుంచి 10 లోపు, 0.2 చొప్పున మెట్లుగా పడుతుంది. ఒక్కో అంశంలో పైనున్న రెండు మార్కులు, కిందున్న రెండు మార్కులు కొట్టేస్తారు. మిగిలిన మూడింటినీ కూడి, సాంకేతిక మొత్తంలో 70 శాతం, అథ్లెటిక్ మొత్తంలో 30 శాతం తీసుకుంటారు. గరిష్ఠం 30.

సాంకేతిక మార్కులు ఇద్దరికీ సమానంగా వచ్చాయనుకుందాం. అథ్లెటిక్ అంశంలో లెక్కలో మిగిలే ముగ్గురు జడ్జీలు తలా ఒక్క మెట్టు, అంటే 0.2 ఎక్కువ వేస్తే మొత్తం 0.6. అందులో 30 శాతం సరిగ్గా 0.18. ఫైనల్లో ఇలాగే జరిగిందని చెప్పడం కాదు, ముగ్గురి కళ్లకు ఒక్కో మెట్టు తేడా కనిపిస్తే స్వర్ణం ఎవరిదో మారిపోతుందని చెప్పడానికి ఈ లెక్క.

2018 వరకు ఈ మార్కులు కూడా లేవు. ఐదుగురు జడ్జీలు కటా అయ్యాక ఎరుపో నీలమో జెండా ఎత్తేవారు. వెంట్రుకవాసి ఆధిక్యమైనా, ఆమడ దూరం ఆధిక్యమైనా ఒక జడ్జీ దగ్గర దొరికేది ఒక్క జెండానే. 2019 నుంచి మార్కుల పద్ధతి వచ్చింది. సాంచెజ్ 2018 నవంబరులో మాడ్రిడ్‌లో తొలి ప్రపంచ టైటిల్ గెలిచింది జెండాల కింద, టోక్యోలో గెలిచింది మార్కుల కింద. నియమాలు మారిన ప్రతిసారీ కొందరి కెరీర్ కుదేలవుతుంది. ఆమె విషయంలో అలా జరగకపోవడం పతకాల సంఖ్య కన్నా ఎక్కువ చెబుతుంది.

కటా, కుమితే: పేరొకటే, ఆటలు రెండు

కరాటే అనగానే చాలామందికి ఇటుకలు, పెంకులు పగలగొట్టడం గుర్తొస్తుంది. ఈ పోటీల్లో అది ఎక్కడా ఉండదు. నల్ల బెల్టు కూడా కనిపించదు. టాటామీ (పోటీ జరిగే చాప) మీదికి వచ్చే ఇద్దరిలో ఒకరు ఎరుపు, మరొకరు నీలం బెల్టు కట్టుకోవాల్సిందే.

కటాలో ఎదురుగా ప్రత్యర్థి ఉండదు. ముందే నిర్ణయమైన దాడి, రక్షణ కదలికల వరుసను క్రీడాకారిణి ఒంటరిగా ప్రదర్శిస్తుంది. అనుమతి ఉన్న కటాల జాబితాలో వందకు పైగా ఉన్నాయి. ఒకే పోటీలో ఒకసారి చేసిన కటాను మళ్లీ చేయకూడదు. టోక్యోలో ఫైనల్ దాకా వెళ్లాలంటే ఒకే రోజు నాలుగు వేర్వేరు కటాలు చేయాలి. ఏది దాచుకోవాలి, ఏది ముందు వాడాలి అన్నది పేకాటలో ముక్కలు పట్టుకున్నట్టే ఉంటుంది. బలమైన కటాను తొలి రౌండ్లోనే వాడేస్తే ఫైనల్‌కు మిగలదు. దాచుకుంటే ఫైనల్ దాకా వెళ్లకుండానే ఇంటికి పోవచ్చు.

కుమితేలో ఇద్దరు తలపడతారు. మూడు నిమిషాల బౌట్. పంచ్‌కు ఒక పాయింటు (యూకో), శరీరం మీద కిక్‌కు రెండు (వజా-అరి), తల మీద కిక్‌కు గానీ కింద పడ్డ ప్రత్యర్థి మీద దెబ్బకు గానీ మూడు (ఇప్పోన్). ఎనిమిది పాయింట్ల ఆధిక్యం వస్తే బౌట్ అక్కడే ఆపేస్తారు. దెబ్బ వేగంగా వెళ్లాలి, కానీ అదుపులో ఆగాలి. మితిమీరి తగిలితే శిక్ష పడుతుంది. టోక్యోలో పురుషుల +75 కిలోల (75 కిలోలకు పైబడినవారి) ఫైనల్ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. ఆధిక్యంలో ఉన్న సౌదీ అరేబియా ఆటగాడు తల మీద కొట్టిన కిక్‌కు ఇరాన్ ఆటగాడు స్పృహ తప్పాడు. స్వర్ణం దక్కింది పడిపోయిన ఇరాన్ ఆటగాడికి.

ఈ తేడా వయసు మీద నేరుగా పనిచేస్తుంది. కటాలో ఎవరి వేగానికీ స్పందించాల్సిన పని లేదు. వేగం ఎక్కడ పెంచాలో, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలో క్రీడాకారిణి చేతిలోనే ఉంటుంది. ఏళ్ల తరబడి చేసిన సాధన ఇక్కడ పెట్టుబడిలా పోగవుతుంది. కుమితేలో ఎదుటివారి భుజం కదిలిన క్షణంలో స్పందించాలి. పైగా ప్రతి బౌట్ వీడియో ప్రత్యర్థుల దగ్గర ఉంటుంది. కుమితే క్రీడాకారిణికి కాళ్లు నెమ్మదించక ముందే ఒక్కోసారి ఆట పాతబడిపోతుంది. ఆమె ఎప్పుడు ముందుకొస్తుందో అందరికీ తెలిసిపోతుంది.

అసలు పోటీ ఇంట్లోనే

సాంచెజ్ 1981 సెప్టెంబరు 16న స్పెయిన్‌లోని తలవేరా దె లా రేనాలో పుట్టింది. షిమిజు 1993 డిసెంబరులో పుట్టింది. ఇద్దరికీ పన్నెండేళ్ల తేడా. అయినా పెద్ద టైటిల్ ముందు వచ్చింది చిన్నామెకే. షిమిజు 2014లో, 20 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్. 2016లో మళ్లీ ఆమే. ఆ 2016 పోటీల్లో సాంచెజ్‌కు కాంస్యం.

ఇక్కడ ప్రతిభ కన్నా ముందు చూడాల్సింది దేశాల కోటా. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, యూరప్ ఛాంపియన్‌షిప్‌లో ఒక్కో వ్యక్తిగత విభాగానికి ఒక దేశం నుంచి ఒక్కరే దిగాలి. జపాన్‌లో రెండో స్థానంలో ఉన్న అమ్మాయి ప్రపంచంలో మూడో అత్యుత్తమ క్రీడాకారిణి అయినా, ఆ పోటీని గ్యాలరీ నుంచి చూడాల్సిందే. 2012లో ప్రపంచ ఛాంపియన్ అయిన రికా ఉసామి తప్పుకున్నాకే జపాన్ చోటు షిమిజుకు ఖాళీ అయింది. స్పెయిన్ జాతీయ జట్టులో సాంచెజ్‌కు చోటు దొరికేసరికి ముప్పై ఏళ్లు దాటాయి. చోటు దొరికిన తర్వాత ఆమె ఆగలేదు. 2015 నుంచి 2019 వరకు వరుసగా ఐదుసార్లు యూరప్ ఛాంపియన్. 2020లో కోవిడ్ వల్ల పోటీలు జరగలేదు. 2021లో, 2022లో మళ్లీ ఆమే. మొత్తం ఏడు.

ఆమె పేరు ముందు ఎప్పుడూ 'ఆలస్యంగా వికసించిన' అన్న విశేషణం తగిలిస్తుంటారు. అది సగం మాటే. ఆలస్యమైంది ఆట కాదు, ఆడే చోటు. ఆమె కోచ్ హెసూస్ దెల్ మొరాల్. తర్వాత జీవిత భాగస్వామి కూడా అయ్యాడు. జట్టుకు బయట ఉన్న కాలంలో కెరీర్ నిలబడేది ఇలాంటి ఒకరిద్దరి వల్లే. ఎందుకంటే జాతీయ జట్టులో లేనివారికి ప్రయాణం, కోచ్, ఫిజియో ఖర్చులు ఎవరూ పెట్టరు.

మూడు ఫైనళ్లు, ఎనిమిది పాయింట్లు

టోక్యోలో మహిళల కుమితే స్వర్ణాలు మూడు. -55 కిలోల్లో (55 కిలోల లోపువారిలో) బల్గేరియాకు చెందిన 21 ఏళ్ల ఇవెత్ గొరానోవా ఉక్రెయిన్‌కు చెందిన ఆంజెలికా తెర్లియుగాను 5-1తో ఓడించింది. +61 కిలోల్లో ఈజిప్టుకు చెందిన ఫెర్యాల్ అబ్దెలజీజ్ అజర్‌బైజాన్‌కు చెందిన ఇరీనా జరెత్స్కాను 2-0తో ఓడించి, ఒలింపిక్ స్వర్ణం గెలిచిన తొలి ఈజిప్టు మహిళ అయింది. -61 కిలోల్లో సెర్బియాకు చెందిన యోవానా ప్రెకోవిచ్, చైనాకు చెందిన యిన్ షియావోయాన్ మధ్య స్కోరు 0-0. మూడు ఫైనళ్లు కలిపి పడ్డ పాయింట్లు ఎనిమిది.

కొత్తగా చూసేవారికి ఇది పిరికి ఆటలా అనిపిస్తుంది. కారణం నిబంధనలో ఉంది, దాని పేరు సెన్షూ. ఎదుటివారు పాయింటు చేయకముందు మొదటి పాయింటు తెచ్చుకున్నవారికి ఈ ఆధిక్యం దక్కుతుంది. స్కోరు సమమైతే సెన్షూ ఉన్నవారిదే గెలుపు. అంటే 1-1 అన్నది కాగితం మీద సమానం, అసలుకు కాదు. మొదటి పంచ్ విలువ స్కోరు బోర్డు చూపించే ఒక్క పాయింటు కన్నా ఎక్కువ. అందుకే తొలి నిమిషమంతా ఇద్దరూ మునివేళ్ల మీద గెంతుతూ, అర అడుగు ముందుకు, అర అడుగు వెనక్కి జరుగుతూ, ఎదుటివారు తొందరపడే క్షణం కోసం కాచుకుని ఉంటారు. ముందు దూకినవారు ఎదురు పంచ్‌కు దొరికిపోతారన్న టెన్షన్ అది. సెన్షూ పట్టుకుని పారిపోకుండా ఇంకో నియమం ఉంది. ఆఖరి 15 సెకన్లలో తప్పించుకు తిరిగితే ఆ ఆధిక్యం రద్దవుతుంది.

0-0 అయితే సెన్షూ ఎవరికీ ఉండదు. అప్పుడు జడ్జీలు ఓటు వేస్తారు, దాన్ని హాంతేయ్ అంటారు. ఎవరు ఎక్కువ దూకుడుగా ఆడారు, ఎవరి ఎత్తుగడ బాగుంది అన్నది చూస్తారు. ప్రెకోవిచ్ ఒలింపిక్ స్వర్ణం అలా వచ్చిందే. అదృష్టం అనడానికి లేదు. 2018 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో కూడా ఆమె ఓడించింది ఇదే యిన్‌ను. ఒకరి ఆట ఒకరికి అరచేతిలో గీతల్లా తెలిసినప్పుడు 0-0 రావడంలో వింత ఏమీ లేదు. టీవీ ముందున్న ప్రేక్షకుడికి మాత్రం అది ఏమీ జరగని మూడు నిమిషాలు. కరాటే ఒలింపిక్ కష్టాల్లో దీని వాటా కొంత ఉంటుంది.

ఐదు విభాగాలు మూడైతే

ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మహిళల కుమితే బరువు విభాగాలు ఐదు: -50, -55, -61, -68, +68 కిలోలు. టోక్యోలో వాటిని మూడుకు కుదించారు. -50ని -55లో కలిపారు. -68, +68 కలిసి +61 అయ్యాయి. -61 ఒక్కటే మారలేదు.

50 కిలోల అమ్మాయికి ఐదు కిలోలంటే శరీర బరువులో పదో వంతు. కరాటేలో దెబ్బ అదుపులోనే పడాలి కాబట్టి బరువు వల్ల నేరుగా నష్టం తక్కువే. అసలు తేడా చేతుల, కాళ్ల పొడవులో వస్తుంది. పొడవైన ప్రత్యర్థి పంచ్ అందుకునే దూరం వేరు. తన విభాగంలో పదేళ్లు అలవాటైన దూరపు అంచనా ఇక్కడ ప్రతిసారీ అంగుళం తప్పుతుంది.

2018లో -50 కిలోల ప్రపంచ ఛాంపియన్ జపాన్‌కు చెందిన మిహో మియాహరా. సొంత గడ్డ మీద -55లో దిగిన ఆమెకు పతకం దక్కలేదు. అదే -50 నుంచి వచ్చిన ఆస్ట్రియా క్రీడాకారిణి బెట్టినా ప్లాంక్‌కు కాంస్యం వచ్చింది. కాబట్టి తక్కువ బరువు వారికి దారి పూర్తిగా మూసుకుపోలేదు. అయితే ఫైనల్‌కు చేరిన ఇద్దరూ అసలు -55 వారే.

జరెత్స్కా కథ ఇంకా సూటిగా ఉంటుంది. ఆమెది -68 విభాగం. 2018లో ఆ విభాగంలో ప్రపంచ ఛాంపియన్. టోక్యోలో కలిపేసిన +61లో రజతం. మూడు నెలల తర్వాత, 2021 నవంబరులో దుబాయ్‌లో తన సొంత -68లో మళ్లీ ప్రపంచ ఛాంపియన్. ఆగస్టులో రెండో స్థానంలో ఉన్న క్రీడాకారిణి నవంబరుకు మెరుగైపోయిందా? ఈ మధ్యలో బరువు గీతలు కూడా మారాయన్నది మరిచి ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం. కరాటేలో ఒలింపిక్ పతకాన్ని, ప్రపంచ పతకాన్ని పక్కపక్కన పెట్టి పోల్చేవారు ఈ సంగతి చూసుకోవాలి.

పది చోట్ల కోసం మూడేళ్లు

టోక్యోలో ఒక్కో విభాగానికి చోట్లు పది మాత్రమే. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు వచ్చేవారితో పోలిస్తే ఇది చాలా చిన్న గుంపు. ర్యాంకింగ్ ద్వారా నలుగురికి చోటు, 2021 జూన్‌లో పారిస్‌లో జరిగిన అర్హత పోటీ ద్వారా ముగ్గురికి. మిగిలినవి ఆతిథ్య దేశానికి, ఖండాల కోటాకు, ఆహ్వానాలకు. దేశానికి విభాగానికి ఒక్కరే అన్న నియమం ఇక్కడా ఉంది.

ర్యాంకింగ్ పాయింట్లు ప్రధానంగా వచ్చేది ప్రపంచ, ఖండ స్థాయి ఛాంపియన్‌షిప్‌ల నుంచి, ప్రీమియర్ లీగ్ అనే పోటీల వరుస నుంచి. ఏడాదికి చాలా దేశాలు తిరగాలి. సమాఖ్య ఖర్చు భరించే దేశాల క్రీడాకారిణులు ఓడినా వచ్చే నెల మళ్లీ దిగుతారు. సొంత డబ్బుతో తిరిగేవారు ఒక్క గాయంతో నాలుగు పోటీలు పోగొట్టుకుంటారు. అందువల్ల ర్యాంకింగ్ పట్టికలో ఆటతో పాటు బడ్జెట్ కూడా కనిపిస్తుంది. సాంచెజ్ ఈ ప్రీమియర్ లీగ్‌లో అత్యధిక పతకాల గిన్నిస్ రికార్డు సాధించింది. ఫైనల్ రోజు మెరుపు కన్నా, ఏ దేశంలో ఏ వారం దిగినా పోడియం దాకా వెళ్లే నిలకడ ఈ పద్ధతికి సరిగ్గా సరిపోయింది.

ఆ మీదట కోవిడ్ వచ్చి ఒలింపిక్స్ ఏడాది వెనక్కి జరిగాయి. గొరానోవాకు 20 ఏళ్ల బదులు 21 ఏళ్లకు ఆడడం లాభమే కావచ్చు. 38 ఏళ్లకు సిద్ధమై ఉన్న సాంచెజ్ మరో ఏడాది ఆ స్థాయిని పట్టి ఉంచాల్సి వచ్చింది.

ఒక్కసారే వచ్చిన ఒలింపిక్స్

2016 ఆగస్టులో రియోలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశం టోక్యోకు కరాటేను ఆమోదించింది. 2019 ఫిబ్రవరిలో పారిస్ 2024 నిర్వాహకులు తమ అదనపు క్రీడలు ప్రకటించారు. బ్రేకింగ్ (బ్రేక్ డ్యాన్స్), స్పోర్ట్ క్లైంబింగ్, స్కేట్‌బోర్డింగ్, సర్ఫింగ్ ఉన్నాయి, కరాటే లేదు. అంటే బుడోకాన్‌లో తొలి బౌట్ జరగకముందే, తర్వాతి ఒలింపిక్స్ లేవని క్రీడాకారిణులందరికీ తెలుసు. 2023 అక్టోబరులో ముంబయిలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశం లాస్ ఏంజెలెస్ 2028కు క్రికెట్, స్క్వాష్, లాక్రోస్, ఫ్లాగ్ ఫుట్‌బాల్, బేస్‌బాల్-సాఫ్ట్‌బాల్‌లను ఎంచుకుంది. మన దగ్గర ఆ రోజు వార్త క్రికెటే. అదే రోజు పరిశీలన జాబితాలో ఉన్న కరాటే మరోసారి బయటే మిగిలిపోయింది.

కారణం ఆట నాణ్యత ఒక్కటే కాదు. జూడో, టైక్వాండో వంటివి ఒలింపిక్స్ శాశ్వత కార్యక్రమంలో ఉన్నాయి. కరాటేది అదనపు క్రీడ హోదా. అదనపు క్రీడల్ని ప్రతిపాదించే హక్కు ఆతిథ్య నగరానిది. ఆ నగరం చూసేది స్థానిక ఆదరణ, యువ ప్రేక్షకులు, టీవీ మార్కెట్. జపాన్‌కు కరాటే సహజ ఎంపిక, అమెరికాకు కాదు. పైగా మొత్తం క్రీడాకారుల సంఖ్యకు పరిమితి ఉంటుంది. ఇప్పటికే రెండు ఆసియా యుద్ధక్రీడలు, బాక్సింగ్, రెజ్లింగ్ ఉన్నచోట ఇంకోదానికి చోటు అడగడం కష్టం.

ఈ తేడా ఒక క్రీడాకారిణి జీవితంలో ఎలా కనిపిస్తుందో తెలియాలంటే జపాన్ జూడో క్రీడాకారిణి రయోకో తానిని చూడాలి. 48 కిలోల విభాగంలో 1992 నుంచి 2008 వరకు ఐదు ఒలింపిక్స్, ఐదు పతకాలు: రెండు రజతాలు, రెండు స్వర్ణాలు, ఒక కాంస్యం. ఓడిన ప్రతిసారీ నాలుగేళ్ల తర్వాత మళ్లీ ప్రయత్నించడానికి ఒక తేదీ ఉంది. టోక్యోలో 0.18తో ఓడిన షిమిజుకు అలాంటి తేదీ లేదు. చాలా దేశాల్లో ప్రభుత్వ సాయం, ఉద్యోగాలు, స్పాన్సర్‌షిప్ ఒలింపిక్ హోదాతో ముడిపడి ఉంటాయి. ఆ ముడి వీడగానే ఇరవై ఏళ్ల వయసున్న కరాటే క్రీడాకారిణి ముందు మిగిలేవి ప్రపంచ ఛాంపియన్‌షిప్, వరల్డ్ గేమ్స్ (ఒలింపిక్స్‌లో లేని క్రీడల పోటీలు), ఆసియా క్రీడల వంటి ఖండ స్థాయి పోటీలు. ఆసియా క్రీడల్లో కరాటే 1994 హిరోషిమా నుంచీ ఉంది. సాంచెజ్ కూడా చివర్లో ఈ పోటీల్లోనే ఆడింది. 2021లో దుబాయ్‌లో రెండో ప్రపంచ టైటిల్, 2022లో ఏడో యూరప్ టైటిల్, ఆ జులైలో అమెరికాలోని బర్మింగ్‌హామ్ వరల్డ్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచి, 40 ఏళ్ల వయసులో విరమించింది.

'ప్రపంచ ఛాంపియన్' అంటే ఏ ప్రపంచం?

వార్తల్లో తరచూ తికమక పెట్టే విషయం ఇంకొకటి ఉంది. కరాటేకు ప్రపంచ స్థాయి సంస్థలు చాలా ఉన్నాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గుర్తించింది మాత్రం వరల్డ్ కరాటే ఫెడరేషన్‌ను. ఆ వరుసలో తొలి ప్రపంచ పోటీలు 1970లో టోక్యోలో జరిగాయి. మహిళలకు కటా 1980లో మాడ్రిడ్‌లో, కుమితే 1982లో తైపేలో మొదలయ్యాయి. సాంచెజ్ తొలి ప్రపంచ టైటిల్ వచ్చింది కూడా అదే మాడ్రిడ్‌లో. క్యోకుషిన్ వంటి శైలుల వారు పూర్తి బలంతో కొట్టే వేరే పోటీలు వేరే సంస్థల కింద నడుపుతారు. అవి తక్కువవి కావు, నియమాలే వేరు. వీటికి తోడు పేరులో 'ఇంటర్నేషనల్' తగిలించుకుని, ఫీజు కట్టిన ఎవరినైనా దింపే టోర్నీలు ఉన్నాయి. వాటిలో బరువు, వయసు, బెల్టు రంగు వారీగా విభాగాలు విడదీస్తూ పోతే ఒక్క రోజులో వందల స్వర్ణాలు పంచవచ్చు. ఎవరి స్వర్ణం విలువైనా తెలియాలంటే మూడు ప్రశ్నలు వేయాలి: నిర్వహించిన సంస్థ ఏది, దేశం తరఫున ఎంపికై వెళ్లారా లేక సొంతంగా పేరిచ్చారా, ఆ విభాగంలో ఎంతమంది దిగారు?